అత్త సోఫా, అమ్మవారి గోడ

గోడలకు రంగు వేయడం ఆ రోజుల్లో మా గద్వాలలో తల బద్దలు కొట్టుకునే విషయం కాదు. ఇంట్లో పెళ్లో పండుగో ఉందంటే రంగుల దుకాణానికి పోయి, వాళ్ల దగ్గర ఏ డబ్బాలు ఎక్కువ మిగిలి ఉంటే అవే తెచ్చి, నాలుగు గోడలకూ పక్షపాతం లేకుండా పంచేవాళ్లం. అందుకే మా గల్లీ మొత్తం ఒక ఏడు పిస్తా రంగులో ఉండేది, ఇంకో ఏడు లేత గులాబీలో ఉండేది. ("గులాబీ రంగు ఇల్లు" అని గుర్తు చెప్పిన పాపానికి, నన్ను చూడ్డానికి రావలసిన పెళ్లిచూపుల వాళ్లు ఎదురింట్లో టీ తాగి, ఉప్మా తిని, అక్కడి అమ్మాయినే ఖాయం చేసుకుని పోయారు. నాకేం బాధ లేదు. కాకపోతే మా అమ్మ చేసిన ఉప్మా ఇంకా బాగుండేది.) ఇక లోపలి అలంకరణ అంటారా, హాల్లో గాజు తలుపుల షోకేసు ఒకటి, అందులో ప్లాస్టిక్ చిలుకల జంట, జాతరలో కొన్న తాజ్‌మహల్, ఎవరి పెళ్లికో వచ్చిన గడియారం, దాని మీద తీయని కవరు. అంతటితో ఇల్లు నిండుగా ఉన్నట్టే. ఎవరికీ ఏ కొరతా కనిపించేది కాదు. నేను పని గట్టుకుని హైదరాబాదు పోయి, ఆ కొరత ఏమిటో కనిపెట్టి వచ్చాను.

డిగ్రీ అయిపోయాక దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక మేడమీది గదిలో కొన్ని నెలలు ఇంటీరియర్ డిజైన్ నేర్చుకున్నాను. ఆ గదికి కిటికీ లేదు, గోడలు పెచ్చులూడుతుండేవి. అయినా అక్కడ కూర్చునే మేమంతా ఇళ్లు అందంగా ఎలా ఉండాలో తెలుసుకున్నాం. మా సారు ముఖ్యంగా చెప్పేవి కొన్ని ఉన్నాయి. హాల్లో అన్ని గోడలనూ ఒక్కలాగా చూడకూడదు. ఒక గోడను నెత్తిన పెట్టుకోవాలి, దానికి వేరే రంగు, వేరే గీతలు, వేరే మర్యాద. అలంకరణ వస్తువులు ఎప్పుడూ బేసి సంఖ్యలోనే ఉండాలి, సరి సంఖ్య పెడితే గది నిద్రపోతుంది. అన్నిటికంటే పెద్ద సూత్రం ఇంకోటి: "మనిషి గది లోపలికి అడుగుపెట్టగానే చూపు ఒకచోట ఆగిపోవాలి." ఈ చివరిదాన్ని కాస్త గుర్తుంచుకోండి. నేను మాత్రం జీవితంలో మరచిపోలేను.

మా నాయినది చీరలకు ఫాల్స్ కుట్టి, పీకో చేసే దుకాణం. గద్వాలలో చీరలకు కరువు లేదు కాబట్టి ఆయనకు పనికీ కరువు లేదు. ఆ దుకాణంలో సగం జాగా నేను ఆక్రమించి, "కలర్స్ అండ్ కార్నర్స్ ఇంటీరియర్స్" అని బోర్డు పెట్టించాను. ఆ బోర్డు కింద నేను, నా ముందు రంగుల కార్డు, నా వెనక మా నాయిన కుట్టుమిషన్ చప్పుడు. వచ్చినవాళ్లంతా బోర్డు చదివి, నన్ను చూసి, చీర నా ఒళ్లో పెట్టి, "పీకో ఎప్పటికి అయితది బిడ్డా?" అని అడిగేవాళ్లు. నేను రంగంలోకి దిగానే గానీ రంగు డబ్బా ఒక్కటి కూడా మూత తెరుచుకోలేదు. కొన్నాళ్లు చూసి నాయిన దారం కొరుకుతూ చల్లగా చెప్పాడు.

"బిడ్డా, వనపర్తిల మీ మామ ఇల్లు కట్టిండు గదా. గా ఇల్లు నువ్వే చెయ్యి, నేనేమన. గృహప్రవేశం అయినంక, వచ్చినోళ్లల్ల ఎవరన్నా ఒక్కరు, ఒక్కరంటె ఒక్కరు, మా ఇల్లు గూడ చెయ్యమని అడిగిండ్రనుకో, నీ బోర్డు ఉంటది. లేకుంటె గా జాగల ఇంకో మిషన్ ఏస్త. నువ్వు బి.ఎడ్.ల చేరాలె. సరేనా?"

సరేనన్నాను. అంటే నా బోర్డు, నా బతుకు, నా రంగుల కార్డు అన్నీ పోయి పోయి మా మామ హాలు గోడకు వేలాడాయన్నమాట.

మామ మా అమ్మకు తమ్ముడు. విత్తనాల దుకాణం నడుపుతాడు. నవ్వుతూ మాట్లాడతాడు, నవ్వించకుండా వదలడు. "ఏం కోడలా, ఇంటీరియర్ అంటె ఇంటి వెనకా ముందరా?" అని మొదటిరోజే అడిగాడు. (ఇంగ్లీషులో రియర్ అంటే వెనక అని ఆయనకు బస్సుల మీద చదివి తెలుసు.) అసలు పని అప్పగించింది అత్త. ఆమె అడిగినదల్లా ఒక్కటే. దానికి వెనక అచ్చంపేట కథ ఒకటుంది.

అచ్చంపేటలో అత్త వాళ్ల అన్న ఉంటాడు. ఆయన భార్యను అత్త "వదినె" అంటుంది కాబట్టి మేమంతా అచ్చంపేట వదినె అనే అంటాం. ఆ వదినె కొత్త సోఫా కొన్నది. అత్త చూడబోయింది. కూర్చోబోతుంటే వదినె "జర ఆగు పిల్లా" అని, సోఫా మీది ప్లాస్టిక్ కవరు సర్ది, అత్త కోసం వరండాలోంచి ప్లాస్టిక్ కుర్చీ లాగి వేసిందట. ఆ కుర్చీలో కూర్చుని ఆ సోఫాను చూస్తూ తాగిన టీ అత్తకు ఇప్పటికీ అరగలేదు.

"నాకు పెద్ద పెద్దవి వద్దు బిడ్డా," అంది నాతో. "మా ఇంట్ల సోఫా మీద ఎవరొచ్చినా కాళ్లు పైకి ముడుసుకొని కూసోవాలె. పల్లీలు ఒలుచుకుంట ముచ్చట పెట్టాలె. లేవబుద్ధి కావొద్దు. గంతే. మిగిలింది నీ ఇష్టం."

మిగిలింది నా ఇష్టం అన్నారు కదా అని నా ఇష్టమంతా అక్కడే ఖర్చుపెట్టాను.

ముందు సోఫా. నిండు పసుపు రంగుది, మెత్తటిది, పడుకున్న బర్రెంత వెడల్పుది తెప్పించాను. దానికి ఎదురుగా ఉన్న పెద్ద గోడను నెత్తిన పెట్టుకోదగ్గ గోడగా ఎంచుకున్నాను. ఫోనులో ఎక్కడో విదేశపు ఇంటి ఫోటో చూశాను. కాల్చిన ఇటుక రంగు, తెలుపు, నిలువు పట్టెలు. కార్డులో ఆ రంగు పేరు టెర్రకోట. పేరు పలికితేనే నోరు విదేశం పోయి వచ్చినట్టుండేది. రంగులేసే ఆయనను వనపర్తిలోనే మాట్లాడుకున్నాం. ఏ గోడ చూపించినా "ఇంకో కోటింగ్ ఏస్తె మస్తుగయితది" అనేవాడు కాబట్టి ఆయన పేరు మాకు కోటింగన్న అయిపోయింది. ఫోటో చూపించాను. ఆయన ఫోను చూశాడు, నన్ను చూశాడు, మళ్లీ ఫోను చూశాడు.

"గీ గోడకా మేడం?"

"ఈ గోడకే అన్నా."

"నడి హాల్లనా?"

"హాల్లనే. లోపటికి రాంగనే కనపడాలె."

కోటింగన్న తలకు చుట్టుకున్న తువ్వాలు తీసి భుజాన వేసుకున్నాడు. తర్వాత మెల్లగా, "మంచి మనసు మేడం మీది. ఈ కాలంల గింత మంచి ఆలోచన ఎవరు జేస్తరు," అన్నాడు. నా అభిరుచిని వనపర్తి గుర్తించిన మొదటి రోజు అది. "శుక్రారం మొదలుపెడ్త" అని కూడా అన్నాడు. అట్లాగే శుక్రవారం పొద్దున్నే వచ్చాడు. తలస్నానం చేసి, నుదుట విభూతి పెట్టుకుని, గేటు దగ్గరే చెప్పులు విడిచి వచ్చాడు. పని జరిగినన్నాళ్లూ బీడీ ముట్టలేదు. అత్త మధ్యాహ్నం కోడికూర పెట్టబోతే రెండు చేతులూ జోడించి, "ఈ గోడ అయ్యేదాంక నీసు ముట్టనమ్మా" అన్నాడు. పాపం కడుపు బాగా లేదేమోనని అత్త మజ్జిగ ఇచ్చింది. నేనేమో, పని మీద ఇంత శ్రద్ధ హైదరాబాదులో కూడా చూడలేదే అని మురిసిపోయాను. ఆ పట్టెలు ఎంత తిన్నగా వేశాడంటే, దారం పట్టి చూసినా వెంట్రుకవాసి తేడా రాలేదు.

ఇక వస్తువులు. గోడ పైభాగంలో పింగాణి పళ్లాలు వేలాడదీయాలని ఫోటోలో ఉంది. గద్వాల సంతలో తెల్లటి పళ్లాలు, ఒక్కోదాని నడుమ నల్లటి పెద్ద పువ్వు ఉన్నవి దొరికాయి. బేసి సంఖ్య సూత్రం ప్రకారం మూడు కొని, ఒళ్లో పెట్టుకుని బస్సెక్కాను. బీచుపల్లి వంతెన దాటాక డ్రైవరు ఎవరి గొర్రెనో కాపాడబోయి బ్రేకు వేశాడు. గొర్రె బతికింది, పళ్లెం పగిలింది. అలా రెండే మిగిలాయి. పక్కపక్కన కొట్టించాను. గది నిద్రపోతే పోనీ అనుకున్నాను. (నిద్రపోవడం కాదు, రెండు కళ్లూ తెరుచుకుని చూస్తుందని నాకేం తెలుసు.)

పళ్లాల కింద ఖాళీగా ఉందని ఒక చీర వేలాడదీశాను. అత్త పెళ్లినాటి గద్వాల చీర అది. ఒళ్లు నూలు, అంచు పట్టు. ఆకుపచ్చ ఒంటికి ఎర్రటి అంచు. కొంగు దగ్గర చిరిగిందని అత్త పెట్టెలో అడుగున పడేసింది. ఫాల్స్ దుకాణంలో పుట్టి పెరిగిన దాన్ని కదా, చీరను ఊరికే వేలాడదీస్తే నా చేతులు ఊరుకోలేదు. వెదురు కర్రకు కట్టి, చక్కగా కుచ్చిళ్లు పెట్టి, పిన్నులు కొట్టి, కొంగు ఒక పక్కకు వచ్చేలా సర్దాను. దాని ముందు నేల మీద మట్టికుండలు: పెద్దది, దాని మీద నడిమిది, దాని మీద చిన్నది. పసుపు రంగు పూసి, తెల్ల చుక్కలు పెట్టి, పైన చిన్న బల్బు వెలిగించాను. ఇది గదికి మూడ్ తెస్తుందని సారు చెప్పారు. చివరికి మిగిలింది పచ్చదనం. నర్సరీలో కొన్న మొక్క వనపర్తి ఎండకు ఒక్క పూటలో తల వేలాడేసింది. మామకు చెబితే, "పచ్చగుంటె సాలు గదా కోడలా? గింత దానికి పరేషాన్ ఎందుకు?" అని బయటకు పోయి వేపకొమ్మలు విరుచుకొచ్చి గుమ్మం దగ్గరే నా చేతికి ఇచ్చాడు. "ఇంతకంటె పచ్చటిది ఊర్ల లేదు," అన్నాడు. జాడీలో నీళ్లు పోసి వాటిని కుండల పక్కన పెట్టాను.

గుమ్మం దగ్గరే ఎందుకిచ్చాడంటే, లోపలికి రానివ్వలేదు కాబట్టి. టీవీలో చూశాను, ఇల్లు అలంకరించాక యజమానులకు ఒక్కసారిగా చూపిస్తారు. వాళ్లు నోటి మీద చెయ్యి పెట్టుకుని ఏడుస్తారు. నాకూ అది కావాలి. అందుకని గోడకంతా పెద్ద దుప్పటి కట్టి, గృహప్రవేశం అయ్యేదాకా ఎవరూ ఎత్తి చూడొద్దన్నాను. కోటింగన్న ఒక్కడే, "అవును మరి, ముందుగాల సూడొద్దు," అని భక్తిగా తల ఊపాడు.

గృహప్రవేశం పొద్దున్నే. ఇటిక్యాల నుంచి మా అవ్వ (మామకూ, అమ్మకూ తల్లి) వచ్చింది. అచ్చంపేట వదినె జరీ చీరలో వచ్చింది. ఇరుగుపొరుగు వచ్చారు. అయ్యగారు హోమం చేయించారు, వంటింట్లో పాలు పొంగాయి, అందరూ హాల్లోకి వచ్చారు. అయ్యగారి చేతిలో హారతి పళ్లెం ఇంకా వెలుగుతూనే ఉంది. ఇదే సమయమని నేను ముందుకు వచ్చి, గొంతు సవరించుకుని, దుప్పటి లాగేశాను.

ఒక్కసారిగా గది నిశ్శబ్దమైపోయింది.

ఆ నిశ్శబ్దం ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ప్రతి ఒక్కరి చూపూ ఆగిపోయింది. సారు చెప్పిన పెద్ద సూత్రం, పెచ్చులూడే ఆ గదిలో విన్న సూత్రం, వనపర్తిలో ఫలించింది. అత్త నిజంగానే నోటి మీద చెయ్యి పెట్టుకుంది. నేను వినయంగా నవ్వబోతుండగా, మా అవ్వ కొంగు తల మీదికి లాక్కుని, వంగి నేల ముట్టి, రెండు చేతులూ ఎత్తి జోడించింది.

"తల్లీ! వచ్చినవా నా తల్లీ! నా కొడుకు ఇల్లు ఎతుక్కుంట వచ్చినవా!"

అప్పుడు నేను వెనక్కి తిరిగి ఆ గోడను మొదటిసారి చూశాను. అన్నాళ్లూ దగ్గర నుంచి, ముక్కలు ముక్కలుగా చూశాను కదా. తెల్లటి సున్నం, ఎర్రమట్టి జాజు పట్టెలు. మా వైపు ఊరి పొలిమేరలో ప్రతి ఎల్లమ్మ గుడికీ ఉండే పట్టెలు. పైన తెల్లటి రెండు కళ్లు, నడుమ నల్ల గుడ్లు. కింద కుచ్చిళ్లు పోసి కట్టిన చీర. ముందు పసుపు పూసిన బోనం, బోనం మీద దీపం, పక్కన వేపకొమ్మలు. పుట్టినప్పటి నుంచి చూస్తున్న రూపాన్ని విదేశపు ఫోటో పెట్టుకుని స్వయంగా నా చేతులతో తయారుచేశాను. (ఆ మూడో పళ్లెం కూడా పగలకుండా ఉంటే నడి నుదుట పెట్టేదాన్ని. ఆ గొర్రెకు ఇప్పటికీ దండం పెట్టుకుంటాను.)

అయ్యగారు ఒక్క క్షణం కూడా తటపటాయించలేదు. చేతిలో హారతి ఉంది, ఎదురుగా అమ్మవారు ఉంది, ఇక ఆలోచించడానికి ఏముంది? అటు తిరిగి హారతి తిప్పారు. అందరూ కళ్లకు అద్దుకున్నారు. నేనూ అద్దుకున్నాను. వెనక నుంచి కోటింగన్న ముందుకు వచ్చి, సంచిలోంచి కొబ్బరికాయ తీసి (ఇంటి నుంచే తెచ్చుకున్నాడు), గుమ్మం దగ్గర ఠంగున కొట్టాడు. కళ్లనిండా నీళ్లు. "ఎన్నో ఇండ్లకు రంగులేసిన మేడం. ఇసొంటి పని ఇప్పటిదాంక దొరకలే," అన్నాడు.

అక్కడి నుంచి మా అత్త కష్టాలు మొదలయ్యాయి. వచ్చినవాళ్లు వచ్చినట్టే గేటు దగ్గరే చెప్పులు విడవడం, కొంగు తల మీదికి లాక్కోవడం, కింద కూర్చోవడం. నేను లాగిపారేసిన దుప్పటే జంఖానా అయింది. పసుపు రంగు సోఫా మాత్రం, పెళ్లిలో ఎవరూ పలకరించని చుట్టంలా ఓ పక్కన ఒంటరిగా ఉంది. పిల్లలెవరో దాని మీదికి ఎగరబోతే తల్లి చెవి మెలేసి దించింది. అందరూ గొంతు తగ్గించి మాట్లాడుతున్నారు. గృహప్రవేశమంటే ఉండే గోలంతా గేటు బయటే ఆగిపోయింది.

అత్త ఇక తట్టుకోలేక, ఎవరి కోసమైతే ఆ సోఫా కొన్నదో ఆమె దగ్గరికే పోయింది. "వదినె, కింద ఎందుకు? రా, సోఫాల కూసో. మెత్తగుంటది."

అచ్చంపేట వదినె గుండె మీద చెయ్యి వేసుకుంది. "అబ్బో! తల్లి ముందర గద్దె ఎక్కి కూసుంటనా? కండ్లు పోతయి పిల్లా!" అని దుప్పటి మీద ఇంకాస్త ఒదిగి కూర్చుంది.

అత్త నా రెక్క పట్టుకుని వంటింట్లోకి లాక్కెళ్లింది. "నేనేమడిగిన బిడ్డా? జనం కాళ్లు ముడుసుకొని కూసోవాలన్ననా?"

"అన్నవత్తా."

"ముడుసుకొనే కూసుండ్రు. కింద!"

"జర ఆగత్తా, ఒక్కరు కూసుంటె అందరు కూసుంటరు. నేను చూపిస్త," అన్నాను. బోర్డు గుర్తొచ్చి ధైర్యం తెచ్చుకుని హాల్లోకి పోయి, అందరూ చూస్తుండగా సోఫా మీద కూర్చున్నాను. కాళ్లు పైకి ముడుచుకోబోయాను. గదిలో అందరూ నా వైపు తిరిగారు. గోడ మీద పళ్లాలు కూడా నా వైపే చూస్తున్నాయి. ఎవరూ ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. నా కాళ్లు వాటంతటవే కిందికి దిగాయి. తర్వాత నడుము జారింది. తర్వాత నేను మొత్తంగా జారి, సోఫాకు వీపు ఆనించి నేల మీద తేలాను.

మామ లడ్డూల పళ్లెంతో పోతూ పోతూ, "జారినవా కోడలా? కొత్త సోఫా గదా, నున్నగుంటది," అన్నాడు.

జనం భోజనాలకు లేచాక, పళ్లాలైనా తీసేస్తే గోడ మళ్లీ గోడ అవుతుందేమోనని స్టూలు ఎక్కాను. చెయ్యి పైకెత్తానో లేదో వెనక నుంచి అవ్వ కేక. "ఏయ్ పిల్లా! తల్లి కండ్లు పీకుతవా? దిగు!" దిగాను. చీర తీద్దామంటే ఆ ఆలోచన నోటితో చెప్పడానికే సిగ్గేసింది. కోటింగన్నను పక్కకు పిలిచి, గోడకు వేరే రంగు వేస్తావా అని అడిగాను. ఆయన నన్ను చాలా జాలిగా చూశాడు. "ఇంకో కోటింగ్ అంటె ఏస్త మేడం. జాజు మీద జాజు ఏస్త, సున్నం మీద సున్నం ఏస్త. ఇంకో రంగంటె మాత్రం నా శేతుల కాదు. వనపర్తిల ఎవని శేతుల కాదు."

సరిగ్గా అప్పుడే మా నాయిన బస్సు దిగి వచ్చాడు. దుకాణంలో పెళ్లిచీరల పని ఉండి ఆలస్యమైంది. గుమ్మంలో నిలబడి గోడను చూశాడు. చెప్పులు విడిచాడు. దండం పెట్టాడు. దగ్గరికి పోయి, చీర కుచ్చిళ్లను వేలితో తట్టి చూశాడు.

"కుచ్చిళ్లు మంచిగ వచ్చినయి," అన్నాడు.

అంతే. కానీ నాకు ఆయన మనసులో కొత్త మిషన్ చప్పుడు స్పష్టంగా వినిపించింది. నా బోర్డు దిగుతున్నట్టు, దాని మేకులు ఒక్కొక్కటిగా ఊడుతున్నట్టు అనిపించింది. బి.ఎడ్. చేసి పిల్లలకు ఏ పాఠం చెప్పాలా అని ఆలోచిస్తూ, విస్తరి ముందు కూర్చున్నాను. పులిహోర దిగడం లేదు. పక్కన నాయిన, ఎదురు వరుసలో అచ్చంపేట వదినె.

వదినె చాలాసేపు నన్నే చూసింది. తర్వాత గొంతు తగ్గించి అడిగింది. "బిడ్డా, ఒక మాట. మా ఇంట్ల దేవుని అలమార ఉన్నది సూడు. కరెంటు మీటరు కింద పెట్టిండ్రు. దీపం పెడితె మీటరుకు పొగ తగుల్తదని మా ఇంటాయన ఒర్లుతడు. సోఫాకు గంత జాగ ఇచ్చినం గని దేవునికి మాత్రం ఇయ్యలే. ఇయ్యాల గీ తల్లిని సూసినంక మనసుల నుంచి పోతలేదు. నువ్వు అచ్చంపేటకు వచ్చి మాకు గూడ చేసిస్తవా?"

నాయిన నోట్లో లడ్డు ఆగింది.

నేను చేసేది మోడ్రన్ ఇంటీరియర్స్ అండీ, దేవుని అలమారలు కావు అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. నాయిన వైపు చూశాను. ఆయన విస్తరిలోకి చూస్తూ, లడ్డు నమలడం మొదలుపెట్టకుండా, చెవులు మాత్రం మా వైపు పెట్టి ఉన్నాడు. ఆ మాటను పులిహోరతో కలిపి మింగేశాను.

"తప్పకుండ వస్తనమ్మా," అన్నాను.

"మా ఇంట్ల గూడ జర సూడాలె," అంది ఆమె పక్కన కూర్చున్నామె. ఆమెది నాగర్‌కర్నూల్.

సాయంత్రం గద్వాల బస్సులో నాయిన కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. కృష్ణ దాటుతుండగా అన్నాడు: "మిషన్ సంగతి తర్వాత సూద్దాం లే." ఇంకాస్త దూరం పోయాక, "బోర్డు మీద జాగ ఉన్నది గదా. కింద దేవుని గదులు అని గూడ రాయించు," అన్నాడు.

రాయించాను. కొన్నాళ్లకు కింద రాసిందే పైకి వచ్చింది, పైన రాసింది ఎండకు వెలిసిపోయింది, దాన్ని చదవాలంటే ముందే తెలిసి ఉండాలి. రాజోలి నుంచి నాగర్‌కర్నూల్ దాకా నేను చేసిన దేవుని గదులు ఉన్నాయి. చిన్న గంటలున్న తలుపులు, వెనక వెలుగు వచ్చే గోడలు, పొగ పోయే దారి. జనం నన్ను "దేవునిగది మేడం" అంటారు. ఇంత మంది దేవుళ్లకు ఇల్లు చూసిపెట్టాను కదా, నాకూ ఒకటి చూడమని వాళ్లనే అడుగుతుంటాను. ప్రస్తుతం ఉంటున్న అద్దె ఇంట్లో మేకు కొట్టనివ్వరు. గోడలు నాలుగూ పిస్తా రంగువే. నీలం గోడలున్న హాలు, మెడ వంచిన దీపం, వంకరటింకర అద్దాలు, ఇట్లాంటి ఫోటోలు ఇప్పటికీ ఫోనులో దాచుకుంటూనే ఉంటాను. ఎవరూ అడగరు. నేనూ చూపించను.

మొన్నీమధ్య పని మీద వనపర్తి పోయి, అత్తను చూద్దామని వెళ్లాను. తలుపు ఓరగా తీసి ఉంది. అలవాటు ప్రకారం బయటే చెప్పులు విడిచి లోపలికి తొంగి చూశాను. గోడ అట్లాగే ఉంది. కోటింగన్న ఏటా వచ్చి జాజు మీద జాజు, సున్నం మీద సున్నం వేసిపోతాడు. ఒక్క పైసా పుచ్చుకోడు, మజ్జిగ మాత్రం తాగుతాడు. చీర మారింది, అవ్వ చివరిసారి వచ్చినప్పుడు పెట్టిపోయిన చీర అది. సోఫా మీద అత్త. కాళ్లు పైకి ముడుచుకుని, పక్కన చాట పెట్టుకుని, పల్లీలు ఒలుస్తూ ఎవరితోనో మాట్లాడుతోంది. ఫోనేమో అనుకున్నాను. చేతిలో ఫోను లేదు. ఇంట్లో ఇంకెవరూ లేరు.

"…పొద్దుగాల పోయిన మనిషి, ఇంకా రాలె, సూసినవా తల్లీ? బీపీ గోళి గూడ ఏసుకోలె. అడిగితె నవ్వుతడు. గా నవ్వుకే గదా నేను మోసపోయింది. నువ్వన్న జర చెప్పు. నా మాట ఇనడు, నీ మాట ఇంటడు."

గోడ ముందు కూర్చుని గోడు చెప్పుకుంటోంది అత్త. పళ్లాలు రెండూ శ్రద్ధగా వింటున్నాయి. నేను గుమ్మంలోనే ఉండిపోయాను. ఆ హాలు కోసం ఆ రోజుల్లో ఫోటోలు వెతికి, పళ్లాలు ఒళ్లో పెట్టుకుని బస్సెక్కి, దుప్పటి పట్టుకుని జనం ఏడుపు కోసం ఎదురుచూసిన ఆ పిల్ల గుర్తొచ్చింది. పాపం, ఎంత కంగారుపడింది!

అత్త నన్ను చూసింది. "అయ్యో, ఎప్పుడొచ్చినవు బిడ్డా? రా, రా."

పోయి నేల మీద కూర్చోబోయాను.

"కింద ఎందుకు? పైకి రా."

నేను గోడ వైపు చూశాను.

"ఏమనదిలే," అంది అత్త పల్లీలు జరుపుకుని జాగా ఇస్తూ. "నేను ఎప్పుడో అడిగిన."

మెల్లగా కూర్చున్నాను. కాళ్లు పైకి ముడుచుకున్నాను. ఈసారి జారలేదు. నేను తెప్పించిన సోఫా అంత మెత్తగా ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. ఇదొక్కటి ఫోటో తీసి దాచుకుందామని ఫోను దాకా పోయిన చెయ్యి, ఎందుకో, చాటలోని పల్లీల వైపు తిరిగింది.